చేతులతో మాట్లాడిన బీరు తోట

అఫ్రా పుట్టింది బీరుకి చేదునిచ్చే హాప్స్ తీగలు కోసే కూలీల ఇంట్లో. కోతల రోజుల్లో పొద్దుటి నుంచి తీగల కింద నిలబడితే ఆ ఆకుల గరుకుకి మోచేతుల దాకా గీరుకుపోయేది. సాయంత్రం చేతులు ఎంత కడిగినా చేదు పోయేది కాదు, పట్టుకున్న రొట్టెముక్కకి కూడా అంటేది. "ఈ చేదు కోసే చోట కన్నా తాగే చోట ఉంటే కాస్త నయం కదే" అని వాళ్ళమ్మ ఓ రోజు ఆమెని వెంటబెట్టుకొచ్చి, ఈజార్ నది ఒడ్డున ఉన్న మా ఊళ్ళో కొంగ బొమ్మ వేలాడే బీరు ఇంట్లో పనికి అప్పజెప్పి వెళ్ళిపోయింది. అప్పటికి అఫ్రా ఇంకా రెండు జడల పిల్ల.

బీరు పీపాలు గుర్రబ్బండి మీద చుట్టుపక్కల ఊళ్ళకి తోలే ఆల్బన్ ఆమెకి అక్కడే కనిపించాడు. మాట తక్కువ మనిషి. గుర్రాలతో మాట్లాడినంత మనుషులతో మాట్లాడేవాడు కాదు. అఫ్రాతో మటుకు గుర్రాలతో మాట్లాడినట్టే మెల్లగా, ముద్దుగా మాట్లాడేవాడు. పెళ్ళి చేసుకున్నారు. కాపురం కుదురుకునే లోపే యుద్ధం వచ్చి అతన్ని తూర్పుకి తోలుకుపోయింది. అతను తిరిగి రాలేదు. పిల్లలు లేరు. బీరు ఇంటి పైగదిలో ఓ మంచం, ఓ అలమరా, కిటికీలోంచి చూస్తే తోటలో చెస్ట్‌నట్ చెట్ల తలలు. ఇక అదే ఆమె ఇల్లయింది.

పని మాత్రం ఆమెకి ఇష్టం. బీరు నిండిన లీటరు మగ్గు ఒక్కటి ఎత్తితేనే మామూలు మనిషికి మణికట్టు లాగేస్తుంది. అఫ్రా ఒక్కో చేతికి ఐదేసి పట్టుకుని, మోచేత్తో తలుపు తోసుకుని, కంకర మీద చకచకా నడిచొచ్చేది, నురగ చుక్క కింద పడకుండా. వేసవి సాయంత్రాల్లో ఊరంతా ఆ తోటలోనే. ఆడవాళ్ళు బుట్టల్లో తిండి తెచ్చుకుని, పొడుగు బల్లల మీద గళ్ళ గుడ్డలు పరిచి, ముల్లంగి తరిగి ఉప్పు జల్లి, చీజు ముద్దలు, రొట్టెలు పెట్టుకుని కూర్చునేవాళ్ళు. ఇంటి నుంచి తిండి తెచ్చుకోవచ్చు, బీరు మాత్రం కొంగ ఇంటిదే. ఎవరికి ఏది కావాలో అఫ్రాకి అడక్కుండానే తెలుసు. మనిషి గేటు దగ్గర కనిపిస్తే చాలు, కూర్చునేలోగా మగ్గు ముందుండేది.

నలభై దాటాక ఆమె చెవులు మొరాయించడం మొదలుపెట్టాయి. మొదట పోయింది పిట్టల కూత. చెట్ల మీద పిట్టలు తగ్గిపోయాయేమో అనుకుంది. తర్వాత పిల్లల మాటలు అరిగిపోయినట్టు వినిపించసాగాయి. ఆ తర్వాత ఆడవాళ్ళ గొంతులు. వాళ్ళమ్మకీ సరిగ్గా ఇలాగే అయింది కాబట్టి ఏం జరగబోతోందో ఆమెకి తెలుసు. కానీ ఎవరికీ చెప్పలేదు. చెవులు లేని మనిషిని వడ్డనకి ఎవరు పెట్టుకుంటారు? ఈ పని పోతే పైగది పోతుంది. పైగది పోతే ఎక్కడికెళ్ళాలి?

అందుకని పెదాలు చదవడం నేర్చుకుంది. ఎవరూ నేర్పలేదు, భయమే నేర్పింది. పాతవాళ్ళతో ఇబ్బంది లేదు, వాళ్ళు అడిగేవి ఎప్పుడూ అడిగేవే. కొత్తవాళ్ళు వస్తే మటుకు గుండె దడదడలాడేది. అర్థం కాకపోతే నవ్వేసేది. నవ్వుతూ "అలాగే, ఇప్పుడే" అనేసేది. ఆ నవ్వుతో ఏళ్ళు నెట్టుకొచ్చింది.

లోపల, కట్టెల పొయ్యి పక్కన, పాతకాపుల బల్ల ఒకటుంది. ఆ బల్ల దగ్గర ఇంకెవరూ కూర్చోరు, కూర్చోనివ్వరు. గుర్రాలకి జీనులు కుట్టే క్విరిన్, కమ్మరి ఎమ్మెరాం, వాళ్ళతో మరికొందరు. క్విరిన్‌కి ఊళ్ళోకెల్లా పెద్ద మీసం. పై పెదవి కింద పెదవి రెంటినీ కప్పేసి, కొసలు చెంపల మీదికి తిరిగి ఉండేది. బీరు తాగాక అందులో నురగ ఓ గడియసేపు నిలిచేది. అలాంటివాడు ఓ ఏడాది వసంతంలో నున్నగా గొరిగించుకుని వచ్చి కూర్చున్నాడు.

ఎమ్మెరాం బల్ల గుద్ది గుద్ది నవ్వాడు. "ఏరా, రాత్రి ఎలుకలు కొరుక్కుపోయాయా? మీ ఆవిడ నిన్ను గుర్తుపట్టే లోపలికి రానిచ్చిందా?"

"నా నురగంతా ఆ మీసమే తాగేసేదిరా. ఇన్నాళ్ళూ నా వాటా నాకు దక్కలేదు" అన్నాడు క్విరిన్, మూతి తడుముకుంటూ.

అఫ్రా మగ్గు అతని ముందు పెడుతూ, "అబ్బ, నీకూ ఓ నోరుందన్నమాట! అది చెప్పే మాటలు విని నమ్మలేదు గానీ ఇవాళ కళ్ళారా చూశాను" అంది. బల్లంతా గొల్లున నవ్వింది. క్విరిన్ మాట అంత తేటగా తనకెందుకు అందిందా అని ఆమె ఆలోచించలేదు.

ఎమ్మెరాంకి కూడా ఆ మధ్య ఓ కొత్త అలవాటు పట్టుకుంది. ఏదన్నా కావాలంటే ముందు బూటుకాలితో చెక్కనేల మీద దభీమని కొట్టేవాడు. ముసలితనం వస్తే కమ్మరులకి కోపం ఎక్కువవుతుంది కాబోలు అనుకుని, ఆ అదురుకి తిరిగి చూసేది అఫ్రా. చిన్నప్పటి నుంచీ ఆమె ఎరిగిన యజమాని వెండెలిన్, తోటలో వాయించే బాకాలవాళ్ళ మేళాన్ని బీరు అందించే కిటికీ పక్క నుంచి తోట చివరికి మార్చేశాడు. ఎందుకురా అంటే, పెద్దవాళ్ళకి తలనొప్పి అన్నాడు. ఎవరా పెద్దవాళ్ళని ఆమె అడగలేదు.

ఆ ఏడాది నవంబరులో మిల్లు యజమాని పోయాడు. పాతిపెట్టి వచ్చినవాళ్ళందరికీ కొంగ ఇంట్లోనే భోజనాలు. గది కిక్కిరిసిపోయింది. నల్ల బట్టలు, తడి కోట్ల వాసన, వేడివేడి సూపు గిన్నెలు. అఫ్రా ఆ సందుల్లోంచి పక్కకి తిరిగి దూరుతూ వడ్డిస్తోంది. పెద్ద బల్ల కొసన పోయినాయన భార్య హెడ్విగ్ కూర్చుంది. ఆమె పక్కన ఓ కుర్చీ ఖాళీగా ఉంది.

హెడ్విగ్ అఫ్రా చేతిని తాకి ఏదో అంది. రుమాలు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది. పెదాలు కనబడవు. అఫ్రాకి అందింది ఆ కళ్ళూ, కుర్చీ వైపు తిరిగిన ఆ చెయ్యీ మాత్రమే. ఇంత ఇరుకులో ఈ కుర్చీ అడ్డంగా ఉందంటోంది కాబోలు అనుకుంది. ఎప్పటిలాగే నవ్వింది.

"అలాగేనమ్మా, తీసేస్తా. ఇంకెవరికీ అక్కర్లేదుగా, ఊరికే చోటు తినడం తప్ప!" అని కుర్చీ ఎత్తి గోడవారగా పెట్టేసింది.

గదిలో చప్పుడు ఆగిపోయింది. చప్పుడు ఆగిందని ఆమెకి చెవులు చెప్పలేదు, చెంచాలు గాల్లో ఆగిపోవడం చూసి తెలుసుకుంది. హెడ్విగ్ బల్ల మీద తల వాల్చేసింది. భుజాలు కదులుతున్నాయి. ఎవరో ఆమె మీదికి వంగారు. ఎవరో అఫ్రా వైపు చూశారు. పక్కనున్న ఓ పెద్దావిడ, పెదాలు స్పష్టంగా కదుపుతూ అంది. "ఆ కుర్చీలో ఎవర్నీ కూర్చోబెట్టొద్దు, అది మా ఆయన చోటు అని కదమ్మా ఆవిడ అడిగింది?"

అఫ్రా వంటింట్లోంచి, పీపాల గదిలోంచి, పెరట్లోకి వెళ్ళిపోయింది. నడుముకి కట్టుకున్న తెల్లగుడ్డ విప్పి చేతిలో ఉండలా చుట్టుకుని, కట్టెల మోపు మీద కూర్చుంది. ఇక అయిపోయింది అనుకుంది. దిగులు అంత లేదు, సిగ్గే ఎక్కువ. భర్త పోయిన మనిషి పక్క నుంచి ఆయన కుర్చీ లాగేసిన చేతులు ఇవి. ఆల్బన్ పోయాడన్న కబురు వచ్చిన రోజు తన మంచం మీది రెండో దిండుని ఎవరన్నా అలా తీసేస్తే?

పెరటి తలుపు తెరుచుకుంది. వచ్చింది క్విరిన్ భార్య ఒటీలీ. బొద్దుగా, గట్టిగా ఉండే మనిషి. చలికి శాలువా కప్పుకుంటూ వచ్చి అఫ్రా గెడ్డం పట్టుకుని మొహం తనవైపు తిప్పుకుంది.

"చూడు నావైపు. నా మూతి చూడు. పిచ్చిదానా, మాకు తెలీదనుకున్నావుటే?"

"ఏం తెలీదు?" అంది అఫ్రా, వాడిపోయిన గొంతుతో.

"నీ చెవుల సంగతి! ఎన్నేళ్ళ నుంచో తెలుసు. ఓసారి మా ఆయన ముల్లంగి ఉందా అని అడిగితే, ఇవాళ మంగలి లేడు, రేపు రమ్మన్నావు. ఆ రోజు ఇంటికొచ్చి నవ్వాడు, తర్వాత కూర్చుని ఏడ్చాడు. మీసం ఎందుకు తీశాడనుకున్నావు?"

అఫ్రా చెయ్యి తన పై పెదవి మీదికి పోయింది.

"పెళ్ళయిన రోజు నుంచి మొత్తుకుంటున్నా, ఆ పొద తీసెయ్యవయ్యా, గుచ్చుకుంటోంది అని. విన్నాడా? నీకు ఆయన పెదాలు కనబడట్లేదని ఒక్క పూటలో గొరిగించుకొచ్చాడు. ఇంటికొచ్చి అద్దంలో చూసుకుని ఆయన పెట్టిన మొహం నువ్వు చూడాల్సింది, ఈకలు పీకిన కోడి నయం!" ఒటీలీకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. "ఆ కమ్మరాయన కాలు నేలకేసి కొడతాడే, అదీ నీకోసమే. అదురు తెలుస్తుందని. ఇంట్లో పిల్లిలా నడుస్తాడు."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు చెప్పలేదుగా! చెప్పుకోవడం ఇష్టం లేని మనిషికి మేమెందుకు చెప్పాలి?"

అఫ్రా చాలాసేపు ఏడ్చింది. ఇన్నేళ్ళూ తను ఒక్కతే తలుపు మూసుకుని మోస్తున్నాననుకున్న బరువుని, తలుపవతల ఇంతమంది తలో చెయ్యీ వేసి పట్టుకునున్నారు. తర్వాత లేచింది. మొహం తుడుచుకుని, లోపలికి వెళ్ళి, గోడవారనున్న కుర్చీ ఎత్తుకొచ్చి హెడ్విగ్ పక్కన ఉన్నచోటే పెట్టింది. పెట్టి, గదంతటికీ వినబడేట్టు అంది. ఎంత గట్టిగా అంటోందో ఆమెకే తెలీదు.

"నాకు చెవులు వినపడవమ్మా. మీరడిగింది నాకు అందలేదు. అందలేదని ఒప్పుకోకుండా నవ్వేశాను. నన్ను క్షమించండి."

హెడ్విగ్ తలెత్తి ఆమెని చూసింది. రుమాలు నోటి దగ్గర నుంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది. ఒక్కో మాటా విడివిడిగా పలుకుతూ, "ఆయనకి నీ చేతి సూపంటే ఇష్టం. ఓ గిన్నె ఇక్కడ కూడా పెట్టు" అంది, కుర్చీ ముందు బల్లని చూపిస్తూ.

అఫ్రా పెట్టింది. ఆవిరి పోయేదాకా ఆ గిన్నెని ఎవరూ కదపలేదు.

జనం వెళ్ళాక నడికట్టు గుడ్డ తెచ్చి వెండెలిన్ చేతిలో పెట్టబోయింది. అతను పుచ్చుకోలేదు. ఆమెని వెనక్కి తిప్పి తనే నడుముకి కట్టాడు. అతను ముడి ఎంత గట్టిగా బిగించాడంటే తర్వాత ఒటీలీ వచ్చి విప్పాల్సి వచ్చింది. మళ్ళీ ముందుకొచ్చి నిలబడి చెప్పాడు. "అఫ్రక్కా, నాకు నడక నేర్పింది నువ్వు, ఈ బల్లల సందునే. పడినప్పుడల్లా ఎత్తింది నువ్వు. ఇప్పుడు నువ్వు ఎక్కడికి పోతావు? నేనెక్కడికి పోనిస్తాను?"

"కొత్తవాళ్ళతో ఎలారా? వాళ్ళందరి చేతా మీసాలు గొరిగిస్తావా?"

వెనక నుంచి ఎమ్మెరాం బూటుకాలు దభీమంది. అఫ్రా తిరిగి చూసింది. ఎమ్మెరాం నోరు మెదపలేదు. బొటనవేలు ఎత్తి చూపించాడు. ఒక మగ్గు. తర్వాత రెండు చేతులూ గుండెల మీద మెలికేసి, రొట్టెల దుకాణం మీది బొమ్మలా కూర్చున్నాడు. మెలిక రొట్టె. అఫ్రాకి నవ్వొచ్చింది. తెచ్చి పెట్టింది.

అక్కడ మొదలైంది. ఆ చలికాలమంతా పాతకాపుల బల్లకి అదే పని. ముల్లంగికి వేలు గాల్లో సుడి తిప్పాలి. పంది వేపుడుకి బుగ్గలు పూరించాలి. సగం బీరు కావాలంటే ఒక అరచేతిని రెండో చేత్తో అడ్డంగా కోసినట్టు చూపాలి. చీజు ముద్దకి ఏ గుర్తు పెట్టాలన్న దాని మీద పోట్లాడుకుని ఓ వారం మాటలు మానేశారు. ఎమ్మెరాం కనిపెట్టిన కొన్ని గుర్తులు ఆడవాళ్ళ ముందు పనికిరావని క్విరిన్ కొట్టేశాడు. వసంతంలో బల్లలు తోటలోకి వచ్చేసరికి ఊరంతటికీ వచ్చేసింది ఆ భాష. గుళ్ళో ప్రార్థన కాగానే పాదిరిగారు మెట్ల మీద నుంచే బొటనవేలు ఎత్తేవారు. ఆయన నడిచి వచ్చేలోగా మగ్గు సిద్ధం.

బయటి ఊళ్ళవాళ్ళు వచ్చి తెల్లబోయేవారు. తోట నిండా జనం, అందరూ చేతులు తిప్పుతున్నారు. ఓసారి మ్యూనిక్ నుంచి వచ్చిన దంపతులు ఇదేమి ఆచారమండీ అని అడిగారు.

"పూర్వం ఇక్కడ బీరు కాచింది సన్యాసులు" అన్నాడు ఎమ్మెరాం, మొహంలో ఏ కదలికా లేకుండా. "మౌనవ్రతం వాళ్ళకి. నోరు తెరిస్తే పాపం. కానీ దాహం ఆగదు కదా. అందుకని ఇలా."

వాళ్ళు నమ్మి ఫొటోలు కూడా తీసుకున్నారు. క్విరిన్ బల్ల కిందికి వంగి ఏదో వెతుక్కుంటున్నట్టు నటించాడు, నవ్వు ఆపుకోలేక.

వెండెలిన్ పట్టుబట్టి అఫ్రాని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి చెవికి మిషను పెట్టించాడు. దాన్ని తోటలో పెట్టుకుంటే మగ్గుల చప్పుడంతా రేకుల కప్పు మీద రాళ్ళవానలా తలలో పడేది. వద్దు బాబోయ్ అని తీసేసింది. కానీ పొద్దున్నే, తోటలో ఎవరూ లేనప్పుడు, అది పెట్టుకుని బల్లలు తుడిచేది. పిట్టలు ఎక్కడికీ పోలేదని అప్పుడు తెలిసింది.

అలా పనిచేస్తూనే ముసలిదైంది. చెవులు పూర్తిగా మూసుకుపోయాయి, పని మాత్రం ఆగలేదు. ఆఖరి ఏళ్ళలో మణికట్లు నొప్పెడుతుంటే, వెండెలిన్ ఆమెకి తోడుగా మరో మనిషిని పెట్టాడు. యుగోస్లావియా నుంచి పని వెతుక్కుంటూ రైలెక్కి వచ్చిన ల్యుబిత్సా. సన్నగా, భయంభయంగా ఉండేది. మా భాష ఒక్క ముక్క రాదు. మొదటి రోజు బయటి ఊరివాడొకడు ఆమె మీద అరవసాగాడు. అర్థం కాకపోయేసరికి ఇంకా గట్టిగా అరిచాడు. ఆ పిల్ల నవ్వింది. అర్థం కానప్పుడు నవ్వే ఆ నవ్వు అఫ్రాకి తెలుసు.

అఫ్రా వెళ్ళి ఆమె భుజం మీద చెయ్యి వేసింది. అరుస్తున్నవాడి వైపు తిరిగి, వాడి నోటి ముందు వేలు పెట్టి, వాడి చెయ్యి పట్టుకుని పైకెత్తి, బొటనవేలు నిలబెట్టింది. వాడు బిత్తరపోయి చూశాడు. పక్క బల్లలవాళ్ళు చప్పట్లు కొట్టారు. ల్యుబిత్సా పరుగున వెళ్ళి ఒక మగ్గు తెచ్చి పెట్టింది.

మర్నాటి నుంచి పొద్దున్నే ఖాళీ బల్లల మధ్య ఇద్దరూ కూర్చునేవాళ్ళు. అఫ్రా వేలు సుడి తిప్పేది. ల్యుబిత్సా ముల్లంగి తెచ్చి చూపించి, దాని పేరు తన భాషలో చెప్పేది. అఫ్రా పెదాలు చూసి అదే మాట తిరిగి పలికేది. ఒకరికి వినపడదు, ఇంకొకరికి అర్థం కాదు, అయినా ఇద్దరూ తెగ మాట్లాడుకునేవాళ్ళు. నెల తిరక్కుండానే ల్యుబిత్సా తోటంతా ఒక్కతే చూసుకోగలిగింది. మాటలు మెల్లగా తర్వాత వచ్చాయి.

అఫ్రా పని మానేసిన రోజు వెండెలిన్ ఆమెని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి పాతకాపుల బల్ల దగ్గర కూర్చోబెట్టాడు. ఆ బల్ల దగ్గర అంతవరకూ ఏ ఆడమనిషీ కూర్చోలేదు. "మేం పోయేదాకా ఆగి కూర్చోవచ్చు కదా!" అన్నాడు ఎమ్మెరాం, జరిగి చోటిస్తూ. "నువ్వెప్పుడు పోతావో చెప్పు, లేచి నిలబడతాను" అంది అఫ్రా.

క్విరిన్ ముందు పోయాడు, ఆ తర్వాత ఎమ్మెరాం. నవంబరులో అందరూ పెద్దల సమాధుల మీద దీపాలు పెట్టేటప్పుడు, అఫ్రా ఓ బుట్ట నిండా దీపాలు తీసుకుని బయల్దేరేది. ఆల్బన్‌కి సమాధి లేదు, యుద్ధంలో పోయినవాళ్ళ పేర్లున్న రాయి దగ్గర అతనికొకటి పెట్టేది. ఆ తర్వాత పాతకాపులందరికీ వరసగా. మిల్లు యజమానికీ ఒకటి. "మా పిల్లలు కూడా ఇంత తిరగరే" అనేది ఒటీలీ, ఆమె వెనకే మోకాళ్ళు పట్టుకుని నడుస్తూ.

ఓ వేసవి సాయంత్రం, తోటలో రద్దీ కాస్త తగ్గాక, ల్యుబిత్సా వచ్చి ఆమె ఎదురుగా కూర్చుంది. అప్పటికి ఆమె మాట మా ఊరి యాసే. పెళ్ళయి ఇద్దరు పిల్లలు కూడా. పెదాలు బాగా కదుపుతూ అడిగింది. "అక్కా, ఎప్పుడన్నా బాధనిపిస్తుందా? ఇంత సందడిలో ఉండి ఏమీ వినపడకపోతే?"

అఫ్రా బల్లల వైపు చెయ్యి చూపించింది. "వినపడినన్నాళ్ళూ నాకు వినబడిందల్లా ఒక లీటరు, రెండు లీటర్లు, సూపు చల్లారింది, మా బల్లకెప్పుడు వస్తావు" అంది. "వినపడడం మానేశాక ఈ ఊళ్ళో ప్రతి మనిషీ ఆగి, నా మొహంలోకి చూసి మాట్లాడాడు. నాకోసం చేతులు కదిపాడు. అంత భాగ్యం ఎవరికి దక్కుతుందే? దేవుడు వాళ్ళందరికీ మేలు చెయ్యాలి. నీక్కూడా."

ల్యుబిత్సా ఆమె చెయ్యి పట్టుకుని కాసేపు కూర్చుంది. గేటు దగ్గర ఓ కుటుంబం పిల్లల్ని వెంటబెట్టుకుని, తిండిబుట్టలు మోసుకుని లోపలికి వస్తోంది. తండ్రి దూరం నుంచే చెయ్యెత్తి రెండు వేళ్ళు చూపించాడు. ల్యుబిత్సా లేచి వెళ్ళింది. వాళ్ళ పిల్లలు అఫ్రా బల్ల పక్కగా పరుగెత్తుతూ, ఆగి, ఆమె మొహంలోకి చూసి చెయ్యి ఊపారు.